జాన్ షా బిల్లింగ్సు

చేవెళ్లయందును మొయినాబాదునందును నేడు వైద్యకళాశాలలు వెలసియున్నవి. అచ్చటి విద్యార్థి యెవ్వడైనను, మనోవ్యాకులతవలన మధుమేహము ముదురునా, భయమువలన గాయము మానుట ఆలస్యమగునా అని తెలిసికొనగోరినచో, కంప్యూటరు ముందు గూర్చుండి రెండు మాటలు టైపు చేసిన చాలును. లోకమునందలి వైద్యపత్రికలలో ఆ విషయమును గూర్చి యెవ్వరు, ఏ సంవత్సరమున, ఏ పుటలో వ్రాసిరో ఆ పట్టిక కన్నులయెదుట నిలుచును. చేవెళ్ల బాటలోని మఱ్ఱిచెట్ల నీడను నిత్యము నడచువారు వానిని నాటినవారిని తలపనట్లే, ఈ సౌకర్యము ననుభవించువారిలో పెక్కుమంది దానికి మొదలువేసిన పురుషుని తలపరు. ఆయన చరిత్రము మన పాఠకులకు దెలుపదగినదని మేము తలచుచున్నాము.

జాన్ షా బిల్లింగ్సు అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున 1838 ఏప్రిల్ 12వ తేదీన సామాన్య కుటుంబమందు జన్మించెను. లాటిను భాషను చాలవఱకు తనంతటతానే నేర్చుకొనెను. తన్ను కళాశాలకు బంపినచో తండ్రి యాస్తిలో తన భాగము సోదరికి విడిచెదనని ఆ బాలుడు తండ్రితో ఒడంబడిక చేసికొనెనట. గెట్టు తగవులకై యేండ్ల తరబడి న్యాయస్థానముల చుట్టు తిరుగు మన భూస్వాములకు ఈ బేరము వింతగా దోచవచ్చును.

1860లో సిన్సినాటి నగరమందలి ఒహాయో వైద్యకళాశాలలో పట్టము పొందుటకై ఆయన యొక వ్యాసము వ్రాయవలసివచ్చెను. మూర్ఛరోగమునకు శస్త్రచికిత్స యను విషయమును గైకొనెను. మూర్ఛ వచ్చినవానిని దయ్యము పట్టినవానివలె జూచువారు అక్కడను గలరు, ఇక్కడను గలరు. పుఱ్ఱెకు రంధ్రము చేసి రోగమును గుదుర్పవచ్చునని కొందఱు శస్త్రవైద్యులు నమ్మిరి. అట్లు కోయబడినవా రెందఱు? అందు మరణించినవా రెందఱు? బ్రతికినవారిలో రోగము నిజముగా కుదిరినవా రెందఱు? కత్తికి దల యొగ్గుటకు ముందు రోగి యడుగవలసిన ప్రశ్నలివియే. వానికి సమాధానము లేకపోలేదు. అది పలు దేశముల పత్రికలలో ముక్కముక్కలై చెదరియుండెను. బిల్లింగ్సు నెలల తరబడి వేయిసంపుటములవఱకు వెదకెను. సిన్సినాటిలో దొరకనివానికై ఫిలడెల్ఫియా, న్యూయార్కు గ్రంథాలయముల నాశ్రయింపవలసివచ్చెను. శీర్షిక యొకటి, లోపలి విషయ మొకటిగా నుండుటచే సూచికలును మోసగించెను. తనకు గావలసిన గ్రంథములన్నియు నొక్కచో గల వైద్యగ్రంథాలయము అమెరికాలో నెచ్చటను లేదని ఆయన తెలిసికొనెను. ఆ కష్టము ఆయన మఱవలేదు.

అంతలో అంతర్యుద్ధము వచ్చెను. ఆయన సైన్యమున శస్త్రవైద్యుడుగా జేరి, 1863లో గెట్టిస్‌బర్గు రణభూమిలో క్షతగాత్రులకు చికిత్స చేసెను. తరువాత వాషింగ్టనులోని సర్జన్ జనరల్ కార్యాలయమునకు మార్పబడెను. 1865లో అచ్చటి గ్రంథాలయమున నున్నవి సుమారు 2,000 సంపుటములు మాత్రమే. యుద్ధము ముగిసి సైనిక వైద్యశాలలు మూతవడగా మిగిలిన సొమ్ము, సుమారు 80,000 డాలర్లు, పుస్తకములకై ఆయన చేతికి వచ్చెను. అధ్యక్షుడు లింకను తుపాకిదెబ్బ తినిన ఫోర్డు నాటకశాలయే ఆ గ్రంథములకు నెలవయ్యెను. బిల్లింగ్సు దేశదేశముల వైద్యులకు ఉత్తరములు వ్రాసి, పాతపత్రికలను యాచించి, రెండేసి ప్రతులున్న వానిని మార్పిడి చేసి, ముప్పదియేండ్లలో ఆ నిలయమును లక్షకు మించిన గ్రంథములు గలదానినిగా జేసెను.

పుస్తకములను కూడబెట్టుట సంస్థానాధీశులకును సాధ్యమే. బిల్లింగ్సు ఘనత వేఱొకచో నున్నది. ఆయన పుస్తకముల పేళ్లతో దృప్తినొందక, ప్రతి పత్రికలోని ప్రతి ముఖ్య వ్యాసమును పట్టికలోని కెక్కించెను. సాయంకాలము పత్రికలను మూటగట్టి యింటికి గొనిపోయి, ఎక్కింపదగిన వ్యాసములకు పెన్సిలుతో గుఱుతు పెట్టెడివాడు. గుమాస్తాలు వానిని చీటీలపై నకలు వ్రాసెడివారు. రాబర్టు ఫ్లెచరను వైద్యుడు ఆయనకు కుడిభుజమై నిలిచెను. గ్రంథకర్త పేరునను, విషయము పేరునను ఒకే యక్షరక్రమమున గూర్చిన ఆ ఇండెక్సు కేటలాగు మొదటి సంపుటము 1880లో వెలువడెను. పదునాఱవది 1895లో ముగిసెను. కర్తపేరు, పత్రికపేరు, సంపుటము, పుట, సంవత్సరము: ఈ యైదును జూపినచో ప్రపంచమున నేమూలనున్నవాడైనను మూలమును బట్టి పరీక్షింపగలడు.

పెద్దసంపుటములు ముగియువఱకు వైద్యులు వేచియుండలేరు గదా! కావున 1879లోనే ఇండెక్సు మెడికసను మాసపత్రికను ఆరంభించిరి. దానికి చందాదారులు చాలరైరి. నష్టములతో నడచి 1899లో నిలిచిపోయెను. 1903లో కార్నెగీ సంస్థ ధనమిచ్చి దానిని మరల లేపెను. ఇట్టి పనికి లోకము మెచ్చుకోలు నిచ్చునుగాని రూక నీయదను సంగతి మన పత్రికాధిపతులకు గ్రొత్తగాదు.

పట్టికలో నెక్కినదెల్ల సత్యమని ఆయన భ్రమపడలేదు. 1881లో లండను నగరమున జరిగిన అంతర్జాతీయ వైద్యమహాసభలో ఉపన్యసించుచు, వైద్యవాఙ్మయములో విలువగలది కొంచెమనియే ఆయన స్పష్టపఱచెను. దానిని వేఱుచేయుట చదువరి పని. మన మెదకుసీమవాడైన కొలచెలమ మల్లినాథసూరి ఆధారము లేని మాటను తన వ్యాఖ్యలలో జేరనీయనని నియమము పెట్టుకొనెను. నేడు మూలమును జూడకయే ఒకరి వ్యాసము చివరనున్న పేళ్లను మఱియొకరు తమ వ్యాసమునకు దగిలించుకొనుచున్నారు. చింతవలన రోగములు వచ్చుననియు, సంతోషముచే నెట్టి పుండైనను మానుననియు పరిశోధకులు తేల్చిరని చేతిలోని ఫోనులకు వార్తలు వచ్చుచున్నవి. ఏ పరిశోధకుడో, ఎందఱు రోగులను జూచెనో అందుండదు. అట్టి వార్తను నమ్మి మందు మానివేసిన రోగికి గలుగు నష్టమును ఆ వార్త పంపినవాడు తీర్చడు.

బిల్లింగ్సు తక్కిన పనులును గొప్పవే. 1889లో తెఱవబడిన జాన్సు హాప్కిన్సు వైద్యశాల కట్టడమునకు ఆలోచన యాయనదే. జనాభాలెక్కలకు రంధ్రముల చీటీలను వాడవచ్చునని హాలరిత్తునకు సూచించినదియు ఆయనయే యందురు. 1896 మొదలు న్యూయార్కు ప్రజాగ్రంథాలయమునకు అధిపతియై, 1911లో దాని మహాభవనము తెఱవబడుట కన్నులార జూచి, 1913 మార్చి 11వ తేదీన కాలధర్మము నొందెను.

మనశ్శాస్త్రజ్ఞులును తమ వ్యాసముల సారసంగ్రహములను 1927 నుండి ప్రకటింప మొదలిడిరి. 1978లో అమెరికా మనశ్శాస్త్ర సంఘమున ఆరోగ్య మనశ్శాస్త్రమునకు ప్రత్యేకశాఖ యేర్పడెను. బిల్లింగ్సు పెంచిన నిలయము జాతీయ వైద్యగ్రంథాలయమై, 1964లో ఆ సూచికను కంప్యూటరున కెక్కించెను. 1997లో పబ్‌మెడ్ పేర సర్వజనులకును ఉచితముగా విడిచెను. ఇండెక్సు మెడికసు ముద్రిత సంచిక 2004తో ఆగిపోయెను. ఫోర్డు నాటకశాలలో పెన్సిలు గుఱుతులతో బయలుదేఱిన ఆ పట్టికకు కాగితముతో నిక బనిలేకపోయెను.