రాగి రేకులు చదివిన పెద్దాయన

తిరుపతిలో ఉంటూ అన్నమయ్య పాట చెవిన పడకుండా ఒక్కరోజు గడపడం కష్టం. బస్సులో, టీకొట్టు దగ్గర, తెల్లారకముందే గుడి మైకులో అదే. అందుకే, ఓ నూరేళ్ల కిందట ఈ పాటల్లో చాలావాటిని పాడేవాళ్లే లేరంటే నమ్మబుద్ధి కాదు. రాగి రేకుల మీద చెక్కించి తిరుమల గుళ్లో సంకీర్తన భాండారం అనే రాతి గదిలో దాచారు. తర్వాత ఆ సంగతే లోకం మరిచిపోయింది. 1922 ప్రాంతంలో గుడి శాసనాల మీద పనిచేస్తున్న సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వల్ల అవి వెలుగులోకి వచ్చాయి. దొరకడం ఒక ఎత్తు, చదవడం ఇంకో ఎత్తు. ఆ చదివినవాళ్లలో పెద్ద పేరు వేటూరి ప్రభాకరశాస్త్రి. సినిమా పాటల వేటూరి కాదండోయ్, ఆ వంశంలోనే ముందుతరం పెద్దాయన.

శాస్త్రిగారిది మన సీమ కాదు. 1888లో కృష్ణా జిల్లా పెదకళ్ళేపల్లిలో పుట్టారు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి దగ్గర చదువుకున్నారు. తర్వాత మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకాలయంలో ఉద్యోగం. మెకంజీ పోగుచేసినవీ, కడపలో పనిచేసిన బ్రౌను దొర పోగుచేసినవీ అక్కడే ఉండేవి. తాటాకు సంగతి తెలుసు కదా. చెదలు పడుతుంది, అంచులు విరుగుతాయి, కొన్ని తరాలకోసారి ఎవరో ఒకరు కూర్చుని మళ్లీ కొత్త ఆకుల మీద రాస్తే తప్ప బతకదు. రాసేవాడు లేకపోతే పుస్తకం చచ్చిపోయినట్టే. శాస్త్రిగారు అలా పోయిన కావ్యాల్లోంచి అక్కడక్కడ మిగిలిన పద్యాలను ఏరి ప్రబంధరత్నావళి వేశారు. జనం నోళ్లలో తిరిగే చాటువులను చాటుపద్యమణిమంజరిగా కూర్చారు. నా లెక్కలో ఆయన చేసిన అతి తెలివైన పని ఈ రెండోదే. చాటువులు పండితులు గొప్పగా చూసే సరుకు కాదు, ఎవరూ దాచిపెట్టరు.

అన్నింట్లోనూ ఆయన మాటే చెల్లిందని కాదు. క్రీడాభిరామం శ్రీనాథుడిదేనని గట్టిగా వాదించారు. అందరూ ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఆ పుస్తకం వినుకొండ వల్లభరాయుడి పేరు మీదే నడుస్తోంది.

యాభై ఏళ్లు దాటాక తిరుపతి వచ్చి, దేవస్థానం వారి శ్రీ వేంకటేశ్వర ప్రాచ్య పరిశోధన సంస్థలో చేరారు. అప్పటి తిరుపతి ఇప్పటిది కాదు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చేదాకా కొండకు కాలిదారే. ఎస్వీ యూనివర్సిటీ ఊసే లేదు, అది 1954లో వచ్చింది. చుట్టూ కరువు నేల. మద్రాసులో అంత పెద్ద లైబ్రరీ మధ్య బతికిన మనిషికి ఇక్కడ ఏముంది? రేకులున్నాయి.

2,000కు పైగా రేకులు. ఒక్కో రేకుకు సాధారణంగా ఆరేసి పాటలు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, హ్రస్వదీర్ఘాల తేడా చాలాచోట్ల కనబడదు. పైగా ఐదొందల ఏళ్ల నాటి సీమ పలుకుబడి. ఎక్కడ మాట విరవాలో యతిప్రాసలు పట్టుకుని తేల్చుకోవాలి, ఒక్కచోట తప్పు విరిచామా అర్థమే మారిపోతుంది. మనం కోడులో సెమీకోలన్ కోసం రాత్రంతా వెతుకుతామే, అలాంటి తిప్పలే, కాకపోతే ఎర్రర్ మెసేజి రాదు. పాట మీద రాగం పేరుంది గానీ స్వరం లేదు. శాస్త్రిగారికన్నా ముందే పండిత విజయరాఘవాచార్యులుగారు కొంత అచ్చువేయించారు. ఆ పనిని శాస్త్రిగారు ముందుకు తీసుకెళ్లారు.

కవి కాలం కూడా రేకుల మీదే ఉంది. శక సంవత్సరం 1346, క్రోధి. అప్పటికి అన్నమయ్యకు పదహారేళ్లని, ఆ ఏడే స్వామి ప్రత్యక్షమయ్యాడని ఉంది. క్రోధి అంటే 1424, పదహారు తీసేస్తే 1408. దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు పోయారు, అంటే 1503. సరే, తారీఖులు తెలిశాయి, మరి మనిషి? దానికి మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన అన్నమాచార్య చరిత్రము ఉంది. శాస్త్రిగారు దాన్ని పరిష్కరించి, పెద్ద పీఠిక రాసి, 1949లో దేవస్థానం తరఫున వెలువరించారు. తాళ్లపాకలో పుట్టిన పిల్లవాడు ఇల్లు విడిచి కొండకు రావడం, రాజు మీద పాట కట్టనన్నందుకు సంకెళ్లు పడటం, మనం సినిమాలో చూసిన కథకు మూలం ఈ పుస్తకమే.

మరుసటి ఏడాది, 1950 ఆగస్టులో ఆయన పోయారు. అప్పటికి అచ్చుకాని రేకులు ఇంకా చాలానే ఉన్నాయి. వాటిని గౌరిపెద్ది రామసుబ్బశర్మ వంటివాళ్లు అందుకున్నారు. స్వరం లేని పాటలకు స్వరం కట్టే పని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలుపెట్టారు.