ఊడిన జుట్టే దారి చూపింది

రింగుల జుట్టున్న నాలాంటి వాళ్లకి దువ్వెన చూస్తేనే భయం. అందుకేనేమో, మేడమ్ సీ.జే. వాకర్ కథంటే నాకంత ఇష్టం.

అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867లో అమెరికాలోని లూసియానాలో పుట్టింది. అమ్మానాన్నలు బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్లు. ఏడేళ్లకే ఇద్దరూ పోయారు. 14 ఏళ్లకు పెళ్లి, 20 ఏళ్లకల్లా భర్త పోయాడు. సెయింట్ లూయీ చేరి, బట్టలుతికి కూతుర్ని పెంచింది.

అక్కడే జుట్టు ఊడిపోసాగింది. ఆ రోజుల్లో చాలా ఇళ్లల్లో కుళాయిల్లేవు. తలస్నానం ఎప్పుడో గానీ కుదరదు. మాడు పాడై ఎందరికో జుట్టు పోయేది. సారా మొదట ఆనీ మలోన్ తయారుచేసిన మందులమ్మింది. 1906లో వాకర్‌ని పెళ్లాడి, ఆ పేరుతోనే సొంతంగా గంధకం కలిపిన లేపనం అమ్మింది. తరచూ తలంటుకోమని ఇంటింటికీ తిరిగి చెప్పింది.

ఆమె పద్ధతిలో వేడి దువ్వెన కూడా ఉండేది. రింగుల్ని సాపు చేయిస్తోందని విమర్శలొచ్చాయి. తన పని జుట్టు పెంచడమేనని ఆమె వాదన.

1910లో ఇండియానాపొలిస్ చేరి ఫ్యాక్టరీ పెట్టింది. వేలమంది నల్లజాతి ఆడవాళ్లు ఏజెంట్లయి సొంత సంపాదన చూశారు. 1919లో 51వ ఏట కన్నుమూసింది.

రింగులు ఉంచుకోవడమా, సాపు చేసుకోవడమా అన్నది మనిష్టం. ముందు మాడు సంగతి చూసుకోవాలన్న ఆమె పాఠం మాత్రం నేను మరిచిపోను.