డార్విన్ - దైవం

డార్విన్ పేరెత్తగానే మనవాళ్ళకు కోతి గుర్తొస్తుంది, ఆ వెంటనే నాస్తికుడన్న మాట గుర్తొస్తుంది. కోతి సంగతి బయాలజీ మేష్టార్లు చూసుకుంటారు. రెండో మాట మాత్రం నిజం కాదు.

ఆయన 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని ష్రూస్‌బరీలో ఒక డాక్టరుగారింట జన్మించాడు. ఎడిన్‌బరోకు వైద్యం చదవమని పంపితే, మత్తుమందు లేని ఆ రోజుల ఆపరేషన్లు చూడలేక వచ్చేశాడు. ఇక తండ్రి 1828లో కేంబ్రిడ్జికి పంపాడు. ఎందుకనుకున్నారు? పాదిరీ కావడానికి! జీవుల శరీర నిర్మాణమే సృష్టికర్తకు రుజువని వాదించిన పేలీ గ్రంథాలను అక్కడ ఎంతో ఇష్టంగా చదివాడు. 1831 డిసెంబరులో బీగిల్ ఓడ ఎక్కేనాటికి బైబిలు మీద ఆయనకు అనుమానమే లేదు. ఏదో వాదనలో బైబిలును ప్రమాణంగా చూపిస్తే ఓడలోని ఆఫీసర్లే నవ్వారు.

తిరిగొచ్చింది 1836లో. ఆ తర్వాతే అనుమానాలు ముదిరాయి. ఇలాంటివి కాబోయే భార్యకు చెప్పకురా అని తండ్రి హితవు చెప్పినా దాచలేదు. 1839లో పెళ్ళాడిన ఎమ్మా ఆయనకు స్వయానా మేనమామ కూతురు. ఆమెది గట్టి విశ్వాసం. చనిపోయాక ఇద్దరం చెరో చోటికి పోతామేమోనని ఆమె బెంగ. ఆ బెంగను ఉత్తరంగా రాసి ఇచ్చింది. ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేమిటి అనిపించవచ్చు గానీ, నోటితో అనడం కష్టమైన మాటలవి. దాన్ని ఆయన చివరిదాకా దాచుకున్నాడు. ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుని ఏడ్చానని ఆ కాగితం మీదే రాసిపెట్టాడు.

1851 ఏప్రిల్ 23న వాళ్ళ పదేళ్ళ కూతురు ఆనీ మాల్వెర్న్ అనే ఊళ్ళో జబ్బుతో కన్నుమూసింది. నిండు చూలాలైన ఎమ్మా రాలేకపోయింది. రోజుల తరబడి మంచం పక్కన కూర్చున్నది తండ్రే. ఆ దెబ్బతో ఆయనలో మిగిలిన క్రైస్తవ విశ్వాసం కాస్తా పోయిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. పరిణామ సిద్ధాంతమే ఆయన భక్తిని మింగేసిందనడం అందుకే నాకు సబబుగా తోచదు.

1859లో 'జాతుల పుట్టుక' వెలువడింది. మరుసటేడు, దైవభక్తుడైన అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆసా గ్రేకు రాసిన ఉత్తరంలో డార్విన్ ఒక కందిరీగ జాతిని ప్రస్తావించాడు. అది గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెడుతుంది. పిల్లలు దాన్ని బతికుండగానే లోపల్నుంచి తినేస్తాయి. చేలో అలాంటి పురుగు కనబడితే మా ఇంట్లో అందరికీ సంతోషం, పైరు బాగుపడుతుందని. డార్విన్ పురుగు వైపునుంచి ఆలోచించాడు. దయగల దేవుడు కావాలని దీన్ని సృష్టించాడంటే ఆయన మనసు ఒప్పలేదు. ఇంత అద్భుతమైన విశ్వం ఏ ఆలోచనా లేకుండా ఏర్పడిందన్నా ఒప్పలేదు. రెండూ ఒకే ఉత్తరంలో ఉన్నాయి.

కాపురమున్న డౌన్ గ్రామంలో పాదిరీ ఇన్నెస్ ఆయనకు మంచి మిత్రుడు. ఆదివారం ఇంటిల్లిపాదీ చర్చికి వెళ్తే తాను మాత్రం షికారుకు పోయేవాడు. హక్స్‌లీ 1869లో పుట్టించిన అజ్ఞేయవాది అన్న మాటనే 1879లో ఒక ఉత్తరంలో తనకు పెట్టుకున్నాడు, అదీ నాస్తికుణ్ణి ఎన్నడూ కానని చెబుతూ.

1882 ఏప్రిల్ 19న మరణించాడు. పాదిరీ కావలసినవాణ్ణి వెస్ట్‌మినిస్టర్ ఆబీ అనే పెద్ద చర్చిలో, న్యూటన్ సమాధికి దగ్గర్లో పూడ్చారు. 1887లో ఆయన ఆత్మకథ అచ్చయ్యేటప్పుడు మతాన్ని గురించిన కొన్ని కటువైన మాటలను ఎమ్మా తీసేయించింది. అవి మళ్ళీ చేరింది 1958లో. చేర్చిన నోరా బార్లో వాళ్ళ మనుమరాలే. ఆనీ పోయిన మూడు వారాలకు పుట్టిన హోరేసు కూతురు.