శ్రీ గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు

నల్లపాడున గూడిన యీ మహాసభ సంచికలో చెన్నపురి వర్తకుని జీవితమేల యని చదువరులు శంకింపవచ్చును. ఆ కాలమున మన గుంటూరుసీమ ప్రత్తినేలలకు శిస్తు విధించినదియు, వసూలు చేయించినదియు చెన్నపురి కోటలోని కుంపిణీ దొరతనమే. ఆ దొరతనపు పద్ధతులు మాఱవలయునని సంఘము గట్టి యడిగినవారిలో అగ్రగణ్యులు శెట్టిగారు.

వీరు 1806వ సంవత్సరమున చెన్నపురిలో జన్మించిరి. తండ్రి సిద్ధులు శెట్టిగారు నీలిమందు వర్తకులు. కుమారులును వర్తకముననే విశేషధనము గడించిరి. ఆ పట్టణమున అరవము, తెలుగు, హిందూస్థానీ మాటలాడువారు ఇరుగుపొరుగులుగా కాపురముండిరి. పాలకుల భాష యింగ్లీషు. 1844లో శెట్టిగారు స్థాపించిన క్రెసెంటు పత్రిక యింగ్లీషుననే వెలువడెను. దీనిని మేము తప్పుగా నెంచము. వినవలసినవారికి తెలిసిన భాషలోనే గదా మొఱ పెట్టవలయును!

1852లో మదరాసు నేటివు అసోసియేషను స్థాపితమయ్యెను. భూమిశిస్తుల భారము, న్యాయస్థానములలోని జాగు, వ్యయము, బాటలయు చదువులయు కొఱత మున్నగువానిని వివరించుచు ఆ సంఘము బ్రిటిషు పార్లమెంటునకు మహజరు పంపెను. ఇంతలోనే సభ్యులలో కొందఱు పెద్దలు అభిప్రాయభేదముచే వేఱుపడి మఱియొక సమాజమును పెట్టుకొనిరి. సంఘములు నడుపు మనకీ సంగతి క్రొత్త గాదు. శెట్టిగారు మాత్రము పూనిన పని విడువలేదు.

శిస్తు రాబట్టుటకై రైతులను హింసించుచున్నారను మాటను సీమలో పలువురు నమ్మరైరి. 1853లో పార్లమెంటు సభ్యుడగు డాన్బీ సేమరుదొర చెన్నపురికి రాగా, శెట్టిగారాయనను గ్రామములకు గొనిపోయి కన్నులార చూపించిరి. మఱుసటి యేడు కామన్సు సభలో చర్చ జరిగెను; ఎలియటు, స్టోక్సు, నార్టను అను మువ్వురతో విచారణసంఘ మేర్పడెను. దూరగ్రామములనుండి రైతులు నడచివచ్చి తమ గోడు చెప్పుకొనిరి. వ్రేళ్లను కొయ్యల నడుమ బెట్టి నొక్కుట, మెడను వంచి త్రాటితో కాళ్లకు గట్టి యెండలో నిలుపుట మున్నగు క్రూరకృత్యములు నిజమేయని 1855లో ఆ సంఘము నివేదించెను. సిగ్గుతో నొప్పుకొనవలసిన దొకటి గలదు: ఆ కొయ్యలను చేత బట్టినవారు మన దేశీయులగు క్రింది యుద్యోగులే. ఆ యుద్యోగులనే నిందించి, వారిచే వసూలు చేయించుకొన్న దొరతనమును వదలుట న్యాయమని మాకు తోచదు.

1858లో కుంపిణీ పాలన ముగిసి దేశము రాణిగారి యేలుబడి క్రిందికి వచ్చెను. శెట్టిగారికి సి.యస్.ఐ. బిరుదు లభించెను. 1863లో చెన్నపురి శాసనసభలో సభ్యులైరి; అదియు ఎన్నికవలన గాదు, ప్రభుత్వనియామకమువలననే. ఆర్జించిన ధనము ప్రజాకార్యములకు వెచ్చింపబడగా, 1868లో మరణించునాటికి శెట్టిగారు బీదస్థితి నుండిరి.