బుష్ కవిని కన్న తల్లి

ఆస్ట్రేలియాలో 'బుష్' అంటే పొద కాదు. పట్నానికి దూరంగా యూకలిప్టస్ చెట్లు, ఎండిన వాగులు, గొర్రెల మందలు ఉండే సీమంతా బుష్షే. భుజాన వేసుకునే దుప్పటి చుట్ట 'స్వాగ్', టీ కాచుకునే డబ్బా 'బిల్లీ'. ఇలాంటి మాటలతోనే పేరు తెచ్చుకున్నాడు కవి హెన్రీ లాసన్. మరి వాళ్లమ్మ లూయిసా?

1848లో పుట్టిన ఆమెకు పద్దెనిమిదేళ్లకే పెళ్లయింది. భర్త బంగారమనీ, పనులనీ ఊళ్లు తిరిగేవాడు. సేద్యం, పిల్లలు, ఊరి పోస్టాఫీసు అన్నీ ఆమె నెత్తినే. 1883లో పిల్లల్ని తీసుకుని సిడ్నీ చేరింది. 1888లో ఏకంగా 'ది డాన్' అనే మహిళా పత్రికే పెట్టేసింది! అక్షరాలు కూర్చేదీ ఆడవాళ్లే. అసలు ఆడవాళ్లను సభ్యులుగానే చేర్చుకోని కంపోజిటర్ల సంఘం, వాళ్లను పనిలోంచి తీసేయమని గొడవకు దిగింది. ఆమె వింటేగా! ఓటు కోసం ఏళ్ల తరబడి రాసింది. 1902లో న్యూ సౌత్ వేల్స్ స్త్రీలకు ఆ హక్కు రావడం కళ్లారా చూసింది.

కొడుకు మొదటి పుస్తకం 1894లో అచ్చయిందీ అమ్మ ప్రెస్సులోనే. 1905లో పత్రిక ఆగిపోయింది. 1920లో సిడ్నీలోని ఓ మానసిక వైద్యశాలలో లూయిసా కన్నుమూసింది. రెండేళ్లకు హెన్రీ పోతే మాత్రం ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు.