కాటా ఎవరిది, కుప్ప ఎవరిది?

2020లో పంజాబ్, హర్యానా రైతులు ఏ మండీల కోసం ఢిల్లీ సరిహద్దుల్లో బైఠాయించారో, వాటికి చట్టపు పునాది 1939లో పడింది. అందుకు మూలపురుషుడు సర్ ఛోటూరామ్.

1881లో రోహ్‌తక్ జిల్లా గఢీ సాంప్లాలో, అప్పుల్లో మునిగిన జాట్ కుటుంబంలో జన్మించారు. కొడుకు చదువుకు అప్పు అడగబోయిన తండ్రిని షావుకారు పంకా తాడు లాగమన్నాడని చెబుతారు. న్యాయవాది అయ్యాక 1916లో కాంగ్రెస్‌లో చేరి, సహాయ నిరాకరణతో విభేదించి 1920లో బయటికి వచ్చారు. 1923లో ఫజ్లీ హుసేన్‌తో కలిసి యూనియనిస్ట్ పార్టీని స్థాపించారు.

మండీలో ధాన్యం కుప్ప పోశాక రైతుకు దానిపై పెత్తనం ఉండేది కాదు. కాటా దళారిది, లెక్క దళారిది. తరుగు, హమాలీ, కమీషన్ కోతలు పోగా, ధర్మాదా పేరిట మరొకటి: వర్తకుడి పుణ్యానికి రైతు కట్టే చందా! మంత్రిగా ఛోటూరామ్ తెచ్చిన మార్కెట్ల చట్టం ఈ కోతలకు కళ్లెం వేసింది, దళారులకు లైసెన్సు తప్పనిసరి చేసింది, మార్కెట్ కమిటీల్లో మూడింట రెండు వంతుల స్థానాలను సాగుదారులకిచ్చింది.

అయితే రైతు అంటే ఎవరు? 1900 నాటి భూ అన్యాక్రాంత చట్టం దీనికి కులాల జాబితాతో జవాబిచ్చింది. భూమిని నిరాటంకంగా కొనే హక్కు ‘వ్యవసాయ తెగల’కే దక్కింది. పొలంలో కోత కోసిన దళితుడు ఆ జాబితాలో లేడు. అతనికి మండీలో పోయడానికి కుప్పే లేదు. షావుకారు అహంకారాన్ని అంత సూటిగా చూసిన ఛోటూరామ్, ఈ చట్టాన్ని మాత్రం చివరివరకూ సమర్థించారు. దీన్ని ఆయన కాలపు పరిమితిగా కొట్టిపారేయలేం. అంబేడ్కర్ కూడా ఆ కాలపు వ్యక్తే.

1945 జనవరి 9న ఛోటూరామ్ లాహోర్‌లో మరణించారు. కులాల జాబితా స్వాతంత్ర్యం తర్వాత గానీ రద్దు కాలేదు.