పిట్టల పుస్తకం లేని రోజుల్లో నెల్లూరు డాక్టరు జెర్డన్

జి.కొండూరు: కొత్త ప్రాంతంలో పక్షులను చూడబోయేవారు దుర్భిణి కంటే ముందు తేల్చుకోవలసింది పుస్తకం సంగతి. ఏ పుస్తకం సంచిలో వేసుకొని కొండపల్లి అడవిలోకి వెళ్ళాలన్నది నేడు నాలుగైదింటిలో ఒకటి ఎంచుకునే పని. 1836లో మద్రాసు రేవులో దిగిన ఒక యువ డాక్టరుకు మాత్రం ఎంచుకోవడానికి ఒక్కటీ లేదు. చివరకు ఆ పుస్తకమేదో ఆయనే రాయవలసి వచ్చింది. ఆయన పేరు థామస్ కావర్‌హిల్ జెర్డన్.

జెర్డన్ 1811 అక్టోబరు 12న ఉత్తర ఇంగ్లండులోని డరహాం ప్రాంతంలో జన్మించారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదువుకొని, ఈస్టిండియా కంపెనీ కొలువులో అసిస్టెంట్ సర్జన్‌గా చేరారు. సైన్యం వెంట మొదట గంజాం వైపు, ఆ పిమ్మట జాల్నా వంటి కంటోన్మెంట్లలో పనిచేశారు. రోగులను చూడగా మిగిలిన కాలమంతా పొదల వెంట, చెరువుగట్ల వెంట గడిచేది.

అప్పట్లో మన దేశానికి వచ్చిన తెల్లవారికి తెలిసింది తమ ఊరి పిట్టలే. దసరానాడు మనం దర్శనం చేసుకునే పాలపిట్టను వారు నీలి ‘జే’ అన్నారు. వారి దేశపు జే కాకి కులానికి చెందినది. పాలపిట్టకూ దానికీ చుట్టరికమే లేదు. మన పెరళ్ళలో తిరిగే నల్లంచి పిట్టకు ‘రాబిన్’ అని పేరు పెట్టారు. ఆ ఇంగ్లీషు రాబిన్‌కు ఎరుపు రొమ్ము మీద ఉంటే, నల్లంచికి ఇటుకరంగు తోక కింద ఉంటుంది. ఒక సీమ పుస్తకం పట్టుకొని ఇంకొక సీమలో తిరిగితే ఇంతే మరి. ఆ పేర్లు నేటికీ పోలేదు.

జెర్డన్ మొదట అందరూ చేసే పనే చేశారు. తాను సేకరించిన పక్షుల చర్మాలను పోల్చి చెప్పమని స్కాట్లండులోని పెద్ద పండితుడు విలియం జార్డిన్‌కు ఓడలో పంపారు. అవి చేరేసరికి పురుగుపట్టి పాడైపోయాయి. నెలల తరబడి ఎదురుచూచినందుకు దక్కింది అది. ఇక అక్కడివారి మాట కోసం కాచుకొని కూర్చుంటే లాభం లేదని, తన కళ్ళనే నమ్ముకొని స్వయంగా నిర్ణయించడం మొదలుపెట్టారు. 1839-40లో మద్రాసు సాహిత్య, శాస్త్ర పత్రికలో దక్షిణ భారతపు పక్షుల పట్టిక వెలువరించారు. అందులో 420 జాతులు ఉన్నాయి. అంతకుముందు కర్నల్ సైక్స్ దక్కను పక్షుల మీద ఇచ్చిన పట్టికకు అది దాదాపు రెండింతలు. చర్మాలు చెడకుండా చేరివుంటే ఈ ధైర్యం ఆయనకు అంత త్వరగా వచ్చేదో లేదో!

1841లో వివాహమైంది. 1843 నుంచి 1847 వరకు విడతలుగా 50 రంగుబొమ్మలతో ఒక గ్రంథం మద్రాసులో వెలువడింది. ఆ బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారులే. అది మేజామీద పరచుకొని చూడవలసిన పుస్తకమే గాని, అడవికి తీసుకుపోయేది కాదు.

నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న కాలం ఆయన జీవితంలో ముఖ్యమైనది. తూర్పు కనుమల చిట్టడవులు దగ్గర. యానాదుల నుంచి జంతువుల, పక్షుల సమాచారాన్ని, నమూనాలను ఆయన రాబట్టారు. ఏ పిట్ట ఎక్కడ గుడ్లు పెడుతుందో, ఏ పొద కింద పడుకుంటుందో వారికి ఏ పుస్తకం చెప్పనక్కరలేదు. నెల్లూరు, కడప సీమల మధ్య కొండల్లో ఆయనకు దొరికిన ఒక చిన్న పక్షిని కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో కొత్త జాతిగా ప్రకటించారు. మెడ కింద రెండు పట్టీలు గల ఆ రాత్రి సంచారి నేడు జెర్డన్ పేరుతోనే ప్రసిద్ధం. మనవాళ్ళకు అది కలివి కోడి.

అక్కడి నుంచి మలబారు తీరంలోని తలచేరికి, ఆ తర్వాత సాగరుకు బదిలీలు అయ్యాయి. పాములు, చేపలు, చీమలు కూడా ఆయన పరిశీలనకు అందాయి. అయితే మొదటినాటి కొరత మాత్రం తీరలేదు. పక్షుల మీద రాసినవన్నీ కలకత్తా, మద్రాసు, లండన్ పత్రికల్లో చెల్లాచెదురుగా పడివున్నాయి. మారుమూల ఊళ్ళో ఉండే ఉద్యోగికి అవి అందేవి కావు. గవర్నర్ జనరల్ కానింగ్ ప్రభువు 1861లో ప్రత్యేకంగా ఈ పని మీద నియమించగా, 1862 నుంచి 1864 వరకు ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ను జెర్డన్ అచ్చువేయించారు. అందులో 1008 జాతుల వివరాలు ఉన్నాయి. ప్రతి పిట్ట రంగు, కొలతలు, తిరిగే తావు, అలవాట్లు వరుసగా చెప్పారు. దేశీయ నామాలు దొరికినచోట హిందీ, తమిళంతోపాటు తెలుగు పేర్లనూ ఇంగ్లీషు అక్షరాలలో పొందుపరిచారు. పుస్తకం ఎంపికలో ఈ చివరి అంశం చిన్నది కాదు. ఊళ్ళో గొర్రెల కాపరి చెప్పిన పేరును పేజీలో వెతుక్కొనే వీలు దాని వల్లనే కలిగింది. ఆ తెలుగు పేర్లను అచ్చులో చదివితే కొన్ని పోల్చుకోవడం కష్టమే అనుకోండి. పైగా మనవారు లకుముకి పిట్ట అంటే ఒక్కటి కాదు, అరడజను రకాలు ఉంటాయి. అందుకే పేరుతోపాటు కొలతా కావాలి.

కాంగ్రెసు స్థాపనతో పేరుపొందిన హ్యూం పక్షిశాస్త్రంలోనూ దిట్ట. ఆయన వంటివారంతా అప్పట్లో జెర్డన్ ఇచ్చిన క్రమసంఖ్యలతోనే పిట్టలను ప్రస్తావించేవారు.

1867లో క్షీరదాల మీద కూడా ఇలాంటి గ్రంథమే రాసి, మరుసటి ఏడాది జెర్డన్ పదవీ విరమణ చేశారు. 1870లో స్వదేశం చేరి, 1872 జూన్ 12న లండన్ దగ్గర నార్‌వుడ్‌లో కన్నుమూశారు. గాడ్విన్-ఆస్టిన్ పరిష్కరణలో ఆయన పక్షుల గ్రంథం 1877లో మళ్ళీ అచ్చయింది.

ఆ తర్వాత పుస్తకాల కరువు తీరింది. 1941లో సలీం అలీ బొమ్మల పుస్తకం వచ్చింది. అంతకు పదేళ్ళ ముందు హైదరాబాదు సంస్థానపు పక్షులను ఆయనే సర్వే చేశారు. 1998లో గ్రిమ్మెట్, ఇన్‌స్కిప్‌ల గ్రంథం, 2005లో రాస్ముసెన్, ఆండర్టన్‌ల రెండు సంపుటాలు వెలువడ్డాయి. జి.కొండూరు, మైలవరం పరిసరాల మెట్టపొలాల్లో గోరింక, పికిలిపిట్ట, జెముడుకాకి, తీతువు పోల్చుకోవాలనుకునే కుర్రవాడికి సలీం అలీ చాలు. చేతిలో ఇముడుతుంది, భాష తేలిక. ఒకే రకంగా కనిపించే చిన్న పిట్టల దగ్గర చిక్కు వచ్చినప్పుడు పెద్ద పుస్తకాలు అవసరమవుతాయి. రెండు సంపుటాల బరువు మోసుకొని కొండపల్లి గట్టు ఎక్కనక్కరలేదు. ఇంట్లో ఉంచుకొని, వచ్చాక చూసుకోవచ్చు.

కలివి కోడి సంగతి వేరు. 1900 తర్వాత అది ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే భావించారు. పుస్తకాలలో ఉన్నా అడవిలో లేనిదయింది. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్‌కు అది మళ్ళీ దొరికింది. రాత్రివేళ దానిని పట్టింది స్థానిక వేటగాడే. సలీం అలీ ఆ వార్త వినే వరకు జీవించి ఉన్నారు. మరుసటి ఏడాది మరణించారు. ఆ పక్షి కోసమే లంకమల అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారిని కూడా కొంత మళ్ళించారు.